పడవ ముందు నిలబడే మనిషి

వర్జిల్ లెడ్‌బెటర్ కూర్చుని ఉండగా చూసినవాళ్ళు మా రేవులో చాలా తక్కువ. చర్చిలో వెనక గోడకు ఆనుకుని నిలబడతాడు. మంగలి దుకాణంలో వంతు వచ్చేదాకా బయట పచార్లు చేస్తాడు. ఇంట్లో టీవీ ముందు కూడా ఒక మోకాలు కుర్చీ మీద పెట్టి నిలబడే చూస్తాడని అతని భార్య నెడీన్ చెబుతుంది. మేజోళ్ళ మిల్లులో పనిచేసినన్నాళ్ళూ యంత్రాల వరసల మధ్య తిరగడమే అతని ఉద్యోగం. మిల్లు మూతపడ్డాక తిరగడానికి నీళ్ళు మిగిలాయి.

టెనెసీ నది మీద ఆనకట్ట కట్టాక అలబామా వైపు పరుచుకున్న నీళ్ళు అవి. మా పోసీ రేవు నుంచి పడవ దింపితే కనుచూపు మేర నాచు, మునిగిపోయిన పాత కంచెలు, మొద్దులు, వాటి మధ్య బాస్ చేపలు. బాస్ పడవలో ముందు భాగాన చిన్న అరుగులాంటిది ఉంటుంది. ఒకడు దాని మీద నిలబడి, కాలితో చిన్న మోటారు నడుపుతూ, పడవ ఎటు పోవాలో, గాలం మొదట ఎక్కడ పడాలో తేలుస్తాడు. వెనక నిలబడేవాడికి ముందువాడు వడకట్టి వదిలేసిన నీళ్ళే దిక్కు. ముప్పయ్యేళ్ళుగా వర్జిల్ ముందు మనిషి. వెనక మనిషి అతని బావమరిది, నెడీన్ తమ్ముడు, రాయిస్ గిల్లిలాండ్. పడవ రాయిస్‌దే. అయినా ముందు చోటు ఎవరిదన్న ప్రశ్న వాళ్ళ మధ్య ఎప్పుడూ రాలేదు.

ఈ వసంతంలో వస్తుందని వర్జిల్‌కు భయం పట్టుకుంది. పోయిన ఏడాది ఆకులు రాలే ముందు నుంచి అతని వేళ్ళ కొసలకు స్పర్శ తగ్గుతూ వచ్చింది. షుగర్ వల్ల నరాలు దెబ్బతిన్నాయని డాక్టరు చెప్పాడు. మందులు రాశాడు. షుగర్ దిగింది కానీ స్పర్శ తిరిగి రాలేదు. ఆ సంగతి వర్జిల్ ఎవరికీ చెప్పలేదు.

గాలం వేసేవాడికి వేళ్ళు పోవడమంటే ఏమిటో రేవులో ఎవరినడిగినా చెబుతారు. ఎరగా కట్టిన రబ్బరు వానపామును అడుగున ఈడ్చుకుంటూ పోతున్నప్పుడు అది గులకరాయి మీద ఉందో, ఆల్చిప్పల మీద ఉందో, నాచులో చిక్కుకుందో కంటికి కనబడదు. దారం చెప్పాలి, చూపుడు వేలు వినాలి. అందుకే మావాళ్ళు ఫ్లోరోకార్బన్ దారం కోసం అంత ఖర్చు పెడతారు. మామూలు నైలాన్ తంగూసు రబ్బరులా సాగుతుంది, నీళ్ళలో తేలడానికి చూస్తుంది. ఫ్లోరో మునుగుతుంది, తక్కువ సాగుతుంది, అడుగున జరిగింది జరిగినట్టు పైకి మోసుకొస్తుంది. పైగా నీళ్ళలో చేపకు దాదాపు కనబడదు. మనకూ కనబడదనుకోండి. వేలు పనిచేసినంతకాలం ఆ లోటు ఎవరికీ గుర్తుకు రాదు.

వర్జిల్ నెపాన్ని దారం మీదకు నెట్టాడు.

"మళ్ళీ వచ్చావా?" అంది ఒలీటా స్టాంప్స్, రేవు దగ్గర ఎరల దుకాణం నడిపే ఆవిడ. ఆ వారంలో అది మొదటిసారి కాదు.

వర్జిల్ రీలు గల్లాపెట్టె మీద పెట్టాడు. "ఈ పన్నెండు పౌన్ల దారం పనికిరాదు. గాజుపుల్లలా ఉంది. చేప తలతిప్పితే చాలు, పుటుక్కుమంటోంది." పౌన్లంటే దారం తెగకుండా ఎంత బరువు ఆపుతుందన్న లెక్క; పౌన్లు పెరిగేకొద్దీ దారం లావు.

"పోయినసారి పదిహేను పౌన్లది మొద్దుగా ఉందన్నావ్. కంచెకి కట్టే తీగలా ఉందన్నావ్."

"అదీ బాగాలేదు."

"మరి బాగున్నదేదో తయారుచేసేవాళ్ళకి ఫోన్ చేసి చెప్పు. నాకు చెప్తే నేనేం చేస్తాను, వంటింట్లో వండి తీస్తానా?"

అతను గోడకు వేలాడుతున్న దారపు చుట్టల ముందు అటూ ఇటూ తిరిగాడు. ఒకటి తీసి వెలుతురులో పట్టుకున్నాడు, మళ్ళీ తగిలించాడు. ఇంకొకటి తీశాడు.

"పదిహేడు పౌన్లది వెయ్యి," అన్నాడు చివరికి.

"ఈ నీళ్ళకా? అడుగు కనబడేంత తేటగా ఉన్నాయి నీళ్ళు. పదిహేడు నాచు దట్టంగా పెరిగాక వేసుకునేది. మొన్న నువ్వే ఇక్కడ నిలబడి ఎవరికో పాఠం చెప్పావ్, వసంతంలో లావు దారం వేసేవాడు చేపలకి చీటీ రాసి పంపినట్టేనని."

"వేస్తావా లేదా?"

ఒలీటా రీలును చుట్టే యంత్రానికి బిగించింది. ఫ్లోరో ఖరీదైనది కనుక మావాళ్ళు రీలు నిండా దాన్నే చుట్టరు. అడుగున సగం దాకా చవక తంగూసు చుట్టి, పైన ఫ్లోరో ముడేస్తారు. అంచు దాకా నింపేస్తే బిరుసుగా పైకి లేచి చిక్కులు పడుతుంది కనుక కొంచెం తక్కువలోనే ఆపుతారు. ఒలీటా అక్కడే ఆపి, కొసను రబ్బరు బ్యాండు కింద దోపింది. వర్జిల్ దాన్ని బయటకు లాగి, మూర పొడవున పెదవుల మధ్య నుంచి పోనిచ్చాడు. దారం మీద గీతలున్నాయేమో చూసే పద్ధతి అది. వేళ్ళకు అందని గీత కొన్నిసార్లు పెదవికి అందుతుంది. కానీ కొత్త దారాన్ని అలా ఎవరూ చూడరు.

ఒలీటా అది చూసింది. డబ్బు తీసుకుని చిల్లర ఇచ్చింది. నాణెం ఒకటి అతని వేళ్ళ మధ్య నుంచి జారి నేల మీద పడింది. దాన్ని తీయడానికి అతను రెండుసార్లు ప్రయత్నించి, బూటుతో గుమ్మం దాకా తోసి, "ఉంచుకో" అని వెళ్ళిపోయాడు.

వర్జిల్‌కు ముందు చోటు మీద అంత భయం ఊరికే కలగలేదు. ఆ చోటు అతనికి ఎలా వచ్చిందో రేవులో పాతవాళ్ళకు తెలుసు. అంతకుముందు అక్కడ నిలబడింది అతని మామ, నెడీన్ తండ్రి, హర్షెల్ గిల్లిలాండ్. పెద్దాయన చేతులు మొద్దుబారాక రీలుకు పసుపుపచ్చ తంగూసు చుట్టుకున్నాడు. వేలికి తెలియకపోయినా, నీళ్ళ మీద దారం కదిలితే కంటికి కనబడుతుందని. అల్లుడు దానికి 'అద్దాల దారం' అని పేరు పెట్టాడు. చదవడానికి అద్దాలు కావలసిన వయసువాళ్ళ దారమని. ఆ మాట రేవంతా పాకింది. ఇప్పటికీ ఎవరైనా పసుపు దారం కొంటే పక్కవాడు "అద్దాల దారమా?" అంటాడు. కుర్రవాళ్ళు రంగు దారాలు ధీమాగా వాడే ఈ రోజుల్లో కూడా పోసీ రేవులో నడివయసు దాటినవాడు పసుపు ముట్టుకోడు.

ఆ తర్వాత ఒక పోటీ రోజున వర్జిల్ మామను వెనక్కి వెళ్ళమన్నాడు. పెద్దాయన వెళ్ళాడు. రెండు సీజన్లు వెనక కూర్చుని, ఆపైన రావడం మానేశాడు. వెనక చోటు కొడుకు రాయిస్‌కు వచ్చింది.

ఇప్పుడు వర్జిల్ మనసులో తిరుగుతున్నదల్లా ఒక్కటే. తను మామకు చేసింది రాయిస్ తనకు చేస్తాడు. చేయకపోతే వెర్రివాడి కింద లెక్క. పైగా, గురువారం నాడు టైర్ల దుకాణం ముందు రాయిస్ అక్కడి కుర్రవాడితో చాలాసేపు మాట్లాడటం అతను కళ్ళారా చూశాడు. ఆ కుర్రవాడు బాస్ పోటీల్లో పేరు తెచ్చుకుంటున్నాడు. పోటీ పడవలో అతనికి జత ఎవరూ లేరు.

శుక్రవారం పొద్దున నెడీన్ పొయ్యి మీద ఇనుప పెనం పెట్టి సాసేజీలు వేయిస్తోంది. వర్జిల్ వంటింట్లో కిటికీకీ ఫ్రిజ్‌కూ మధ్య తిరుగుతున్నాడు.

"రేపు అగ్నిమాపక దళంవాళ్ళు పెట్టే చేపల పోటీకి ఎంతమంది వస్తున్నారట?" అంది.

"తెలీదు."

"రాయిస్ ఏమన్నాడు?"

"రాయిస్ నాకేం చెప్తాడు. చెప్పేవాళ్ళు వేరే ఉన్నారు."

"ఎవరు?"

"టైర్లవాడు."

నెడీన్ అతని వంక చూసి మళ్ళీ పెనం వైపు తిరిగింది. "కాస్త పక్కకి పెట్టు దాన్ని, మాడిపోతోంది," అంది.

అతను చేయి చాపి పెనం పిడి పట్టుకుని పక్క పొయ్యి మీదకు జరిపాడు. వట్టి చేత్తోనే. పిడి మీద వేసుకునే గుడ్డ గరిట పక్కన అలాగే ఉంది. జరిపి, గ్రేవీ ఏదని అడిగాడు.

నెడీన్ అతని చేయి పట్టుకుని కుళాయి కింద పెట్టింది. వేళ్ళ మీద ఎర్రటి చార లేస్తోంది. రెండు పాత చారలు దాని పక్కనే ఉన్నాయి.

"నేను అడగలేదు, నువ్వు చెప్పలేదు," అంది. "మిల్లులో నూలు పోగు పట్టుకుని ఏ యంత్రం బిగుతుగా ఉందో చెప్పేవాడివి. ఇప్పుడు పెనం పట్టుకుని గ్రేవీ అడుగుతున్నావ్. మా తమ్ముడికి చెప్పు."

"చెప్పను."

"వాడు నిన్నేం పడవలోంచి తోసెయ్యడు."

"మీ నాన్నని నేను తోశానుగా."

నెడీన్ కుళాయి ఇంకొంచెం తిప్పింది. అతను చేయి అక్కడ ఉంచి కూడా కాళ్ళు మార్చుకుంటూనే ఉన్నాడు.

శనివారం పొగమంచులో పడవలన్నీ రేవు దగ్గర చేరాయి. పాస్టరు లౌడ్‌స్పీకరులో ప్రార్థన చేశాడు. టోపీలు తీసి పెట్టుకున్నారు. ఒక్కో పడవనూ వరసగా పిలిచి వదలడం మొదలైంది. వర్జిల్, రాయిస్ పడవ మధ్యలో ఎక్కడో వచ్చింది. రాయిస్ కాగితంలో చుట్టిన, సాసేజి పెట్టిన బిస్కెట్ రొట్టె తింటూ స్టీరింగు పట్టుకున్నాడు. వర్జిల్ ముందు అరుగు మీద గాలం కర్రలు పేర్చి, తీసి, మళ్ళీ పేర్చాడు. ఒక కర్రకు కట్టిన ఎర కోసేసి ఇంకోటి కట్టాడు. అది కోసేసి మొదటిదే కట్టాడు.

"బావా, ఆ ఎరకి తల తిరుగుతోంది. వదిలెయ్," అన్నాడు రాయిస్.

"నువ్వు తిను."

పెద్ద వాగు నదిలో కలిసే చోట నీళ్ళ అడుగున ఒక ఆల్చిప్పల దిబ్బ ఉంది. నీళ్ళ అడుగును చూపించే యంత్రాల తెరల మీద చూసుకునేవాళ్ళకు అది గట్టి నేలలా కనబడుతుంది తప్ప ఆల్చిప్పలని తెలియదు. వర్జిల్ దాన్ని ఏళ్ళ కిందట వేలితోనే కనిపెట్టాడు. ఊరి నీళ్ళ ట్యాంకూ, ఒడ్డున పాత కొట్టం కప్పూ ఒక గీతలోకి వచ్చేదాకా కాలి మోటారుతో వెళ్ళి ఆపాడు. పోటీ చివర తూనికకు పనికొచ్చే పెద్ద చేపలు ఈ నెలలో గుడ్లు పెట్టే ముందు అక్కడ మేస్తాయి.

చోటు తప్పలేదు. కాసేపటికే వెనకనుంచి రాయిస్ ఒకటి పట్టాడు. ఆ తర్వాత ఇంకొకటి, ఇంకా పెద్దది.

"నువ్వు వదిలేసినవి, బావా. పాపం అనాథలు," అన్నాడు రెండోదాన్ని పడవలోని నీళ్ళ పెట్టెలో వేస్తూ.

మామూలు రోజైతే దీనికి తగిన తిట్టు వచ్చేది. వర్జిల్ పెదవుల మధ్య దారం పెట్టి లాగుతున్నాడు.

"ఏంటి బావా, దారానికి ముద్దులు? అక్కకి చెప్పనా?"

"గీత ఉందేమో చూస్తున్నా."

"పొద్దున్నుంచీ చూస్తున్నావ్. ఎర కంటే నోరే ఎక్కువ తడిసింది."

వర్జిల్ విసిరాడు. ఎర దిబ్బ అంచున పడి మునిగింది. అడుగున ఏముందో అతనికి ఏమీ తెలియడం లేదు. ఈడ్చడం, ఆపడం, ఈడ్చడం అలవాటు మీద జరిగిపోతున్నాయి. గాలి ఆగింది. దారం నీళ్ళలోకి దిగే చోటును రాయిస్ వెనకనుంచి ఊరికే చూస్తున్నాడు. ఎండ ఏటవాలుగా పడి ఆ కొంచెం మేర మాత్రం దారం మెరుస్తోంది. అది పక్కకు జరగడం మొదలుపెట్టింది.

"బావా," అన్నాడు రాయిస్. వర్జిల్ కదలలేదు. "బావా, దారం పోతోంది. చేప పట్టుకుపోతోంది. గుంజు."

వర్జిల్ ఉలిక్కిపడి రెండు చేతులతో బలమంతా పెట్టి గుంజాడు. ఫ్లోరోను వదులుగా ఉన్నప్పుడు అలా ఒక్కసారిగా గుంజకూడదని అతనే అందరికీ చెప్పేవాడు. దారం బిగుసుకునేదాకా చుట్టి, పక్కకు ఊడ్చినట్టు లాగాలి. కర్ర ఒక్క క్షణం వంగింది. నీళ్ళ కింద తెల్లటి పొట్ట, పెద్దది, ఒకసారి తిరగబడి కనిపించింది. కర్ర నిటారుగా లేచింది.

"చూశావా?" అన్నాడు వర్జిల్ ఊపిరి తీసుకుంటూ. "చూశావా దారం సంగతి? పదిహేడు పౌన్లు. ఒలీటా అమ్మేదంతా చెత్త."

రాయిస్ ముందుకు వచ్చి, చుట్టుకొచ్చిన దారం కొస పట్టుకున్నాడు. అది పంది తోకలా మెలిక తిరిగి ఉంది. రాతికి రాసుకుని తెగితే కొస గరుకుగా ఉంటుంది. ముడి జారినా, ముడిలో పోగు మీద పోగెక్కి తన్ను తాను కోసుకున్నా ఇలా మెలిక తిరుగుతుంది. మా రేవులో పిల్లలకు కూడా తెలిసిన తేడా అది.

"దారం తెగలేదు బావా. ముడి పోయింది."

"నా ముడి పోదు."

"ఎప్పుడూ పోదు. ఇవాళ పోయింది." రాయిస్ అరుగు మీద ఉన్న మిగతా కర్రలు ఒక్కొక్కటే ఎత్తి ముడులు చూశాడు. ఒక దాంట్లో పోగులు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉన్నాయి. ఇంకోదాంట్లో తడపకుండా బిగించడంతో దారం తెల్లగా మారి ఉంది. ఉమ్మి తడి లేకుండా బిగిస్తే ఆ రాపిడి వేడికే ఫ్లోరో చచ్చిపోతుంది. రాయిస్ గోరుతో గుంజితే ఆ ముడి విరిగి ఊడొచ్చింది.

"చెయ్యి ఇటివ్వు," అన్నాడు.

"ఎందుకు?"

"ఇవ్వు. అటు చూడు. ఆ ట్యాంకు వైపు చూడు. నేను ఏ వేలు ముట్టుకున్నానో చెప్పు."

వర్జిల్ నీళ్ళ ట్యాంకు వైపు చూస్తూ కాసేపు ఆలోచించాడు. "మధ్య వేలు," అన్నాడు.

"నేనింకా ముట్టుకోలేదు బావా."

దూరంగా ఒక పడవ వెళ్ళింది. దాని అలలు వచ్చి వీళ్ళ పడవను ఊపి వెళ్ళిపోయాయి. వర్జిల్ చేయి వెనక్కి తీసుకున్నాడు. ముందు అరుగు దిగాడు. కర్రలు దాటుకుంటూ పడవ వెనకకు నడిచి, రాయిస్ నిలబడే చోటు పక్కన ఉన్న సీటు మీద కూర్చున్నాడు. రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు.

"ఏం చేస్తున్నావ్?" అన్నాడు రాయిస్.

"ముందుకి వెళ్ళు. నీదే."

రాయిస్ ముందు అరుగు వైపు చూశాడు. బావ వైపు చూశాడు. "లే బావా. నువ్వు కూర్చుంటే నాకు భయంగా ఉంది."

"ఇక్కడే కూర్చోవాలిగా. మీ నాన్న కూర్చున్నాడు."

"కూర్చున్నాడు. రెండు సీజన్లు కూర్చుని, తర్వాత ఇంట్లో కూర్చుని, తర్వాత పోయాడు. నువ్వూ అదే చేస్తావ్. నువ్వు ఇంట్లో కూర్చుంటే అక్క నిన్ను భరించలేక వచ్చి నన్ను చంపుతుంది." రాయిస్ టోపీ తీసి తల గోక్కున్నాడు. "ముందు నిలబడి నేనేం చెయ్యను? ఈ దిబ్బ ఎక్కడుందో ఇప్పటికీ నాకు తెలీదు. నువ్వు ఆపిన చోట నేను వేస్తాను, అంతే. ముప్పయ్యేళ్ళ నుంచి నేను చేసింది అదే."

"టైర్లవాడితో వెళ్ళు మరి."

"ఎవడు?"

"గురువారం మాట్లాడావుగా. అంతసేపు."

"టైర్ల గురించి మాట్లాడాను. ఈ ట్రైలరు టైరు అరిగిపోయింది, చూళ్ళేదా? రేవు దిగుతుంటే ఊగిపోతోంది."

వర్జిల్ లేవలేదు.

"ముడులు నేను వేస్తాను," అన్నాడు రాయిస్. "నువ్వు ముందు నిలబడు. చేప ముట్టుకున్నది నీకు తెలియాలంటే మాత్రం ఒకటే దారి. రీలుకి సన్న పోగులతో అల్లిన పసుపు దారం, అదే పసుపు అల్లిక, చుట్టించుకో. చివర నిలువెత్తు పొడవు ఫ్లోరో కడతాను. చేపకి ఫ్లోరోనే ఎదురవుతుంది. నీకు పసుపు కనబడుతుంది."

"వద్దు."

"కుర్రాళ్ళంతా అదే వాడుతున్నారు."

"వద్దన్నాను. వెనక కూర్చుంటాను కానీ, ఆ దారంతో రేవులో దిగను."

"ఆ పేరు పెట్టింది నువ్వే."

"తెలుసు."

ఆ రోజు వాళ్ళు రెండు చేపలతోనే తూనికకు వెళ్ళారు. ఎన్నోవాళ్ళయ్యారో కూడా చూసుకోలేదు. ఇంటికి పోయే దారి పొడవునా వర్జిల్ బండి కిటికీలోంచి బయటకే చూశాడు.

తర్వాతి వారమంతా అతన్ని ఇంట్లో పట్టుకోవడం నెడీన్‌కు గండమైపోయింది. గరాజు ఊడ్చాడు. ఊడ్చిన గరాజును మళ్ళీ ఊడ్చాడు. గడ్డి కోసే యంత్రం విప్పాడు, మరలు వేళ్ళకు దొరక్క సగంలో వదిలేశాడు. రోడ్డు దాకా వెళ్ళి ఉత్తరాల పెట్టె చూసి వచ్చాడు, ఆదివారం నాడు. చర్చి నుంచి వచ్చాక పందిరి కింద ఉన్న తన తండ్రి ఊగుడు కుర్చీ వైపు నెడీన్ చూసింది. వర్జిల్ కూడా చూశాడు. ఇద్దరిలో ఎవరూ దాని దగ్గరకు వెళ్ళలేదు.

"దాని మీద కూర్చోవాలని ఉందా?" అంది ఆవిడ.

"లేదు."

"అయితే ఆ దారమేదో చుట్టించుకో. రోజూ నా కాళ్ళకి అడ్డం పడుతున్నావ్."

"రాయిస్ చెప్పాడా?"

"వాడు నా తమ్ముడు. చెప్పకేం చేస్తాడు. నాన్న పసుపు దారం చుట్టుకున్నప్పుడు నువ్వు నవ్వితే నేను కూడా నవ్వాను. అప్పుడు నాకూ చేతులు బాగానే పనిచేసేవి." ఆవిడ కూరగాయల తొక్కలు ఎత్తి చెత్తబుట్టలో వేసింది. "నవ్వేవాళ్ళు ఓ వారం నవ్వుతారు. ఆపైన ఇంకొకడు దొరుకుతాడు."

మంగళవారం మధ్యాహ్నం వర్జిల్ ఒలీటా దుకాణానికి వెళ్ళాడు. లోపల ఇద్దరు, ఎరకు వాడే చిన్న చేపల తొట్టి దగ్గర నిలబడి ఉన్నారు. వాళ్ళు వెళ్తారని అతను ఉడికించిన వేరుశనగల కుండ చుట్టూ తిరిగాడు. వాళ్ళు వెళ్ళలేదు. ఇంకో ఇద్దరు వచ్చారు.

రీలు తెచ్చి గల్లాపెట్టె మీద పెట్టాడు. "ఈ పదిహేడు పౌన్లది తీసెయ్."

"ఈసారి దీనికేం రోగం?"

"ఏమీ లేదు. దారం మంచిదే. ముడి నాది." అతను వెనక్కి తిరిగి చూడకుండా గొంతు సవరించుకున్నాడు. "పసుపు అల్లిక చుట్టు."

తొట్టి దగ్గర మాటలు ఆగాయి. ఒలీటా అతని మొహం వైపు చూడలేదు. రీలు బిగించి, పాత దారం లాగేసి, పసుపు చుట్ట తెచ్చి కొస కట్టింది. యంత్రం తిరగడం మొదలైంది. ఎండ తగిలి ఆ పసుపు బడి బస్సు రంగులో మెరిసింది.

"అద్దాల దారం ఎవరికోయ్?" అన్నాడు తొట్టి దగ్గరున్న ఒకడు.

"నాకు," అన్నాడు వర్జిల్. "అద్దాలు కూడా తెచ్చుకున్నాను, చూస్తావా?"

జేబులోంచి తీసి పెట్టుకున్నాడు కూడా. వాళ్ళు నవ్వారు. అతను నవ్వలేదు, కానీ బయటకు పారిపోనూ లేదు. ఒలీటా చుట్టడం అయ్యేదాకా ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదకు బరువు మార్చుకుంటూ అక్కడే నిలబడ్డాడు. ఫ్లోరో చుట్ట ఒకటి కూడా ఇమ్మన్నాడు, పన్నెండు పౌన్లది.

"గాజుపుల్లలా ఉంటుందన్నావ్?"

"కట్టేవాడు మారాడు."

ఆ సాయంత్రం పని దిగి వచ్చినవాళ్ళు ఆడుకునే చిన్న పోటీ ఉంది. వీళ్ళ పడవ రేవులో దిగుతున్నప్పుడు గట్టు మీద ఉన్నవాళ్ళంతా ముందు అరుగు వైపే చూశారు. వర్జిల్ ట్రైలరు కొత్త టైరును బూటుతో ఒకసారి తన్ని చూసి, పడవెక్కి, ముందుకు వెళ్ళి నిలబడ్డాడు. పసుపు చుట్టిన కర్ర చేతిలో పట్టుకునే ఉన్నాడు. ఎవరో ఏదో అన్నారు. ఇంజను చప్పుడులో అది వినబడలేదు.

ట్యాంకూ కొట్టం కప్పూ ఒక గీతలోకి వచ్చాయి. రాయిస్ వెనకనుంచి ఒక మూల చూపిస్తే, "అక్కడ మట్టి. ఇటు, ఇంకా ఇటు," అని విసుక్కున్నాడు. పడవ తిప్పాడు. విసిరాడు. పసుపు దారం నీళ్ళ మీద సన్నటి గీతలా పడుకుంది. దాని చివర ఎక్కడో కనబడని ఫ్లోరో, దాని చివర ఎర. అతను అద్దాలు ముక్కు మీదకు నొక్కుకుని ఆ గీతను చూస్తూ మెల్లగా ఈడ్చాడు. ఆపాడు. ఈడ్చాడు.

గీత ఒక్కసారి ఉలికింది. ఈగ వాలి లేచినంత.

ఈసారి అతను గుంజలేదు. వదులుగా ఉన్నదంతా చుట్టేసి, కర్రను పక్కకు ఊడ్చాడు. బరువు తగిలింది. అది మోచేతి దాకా తెలిసింది. మోచేతులకు ఇంకా ఏమీ కాలేదు. చేప పైకి లేచి తల విదిలించింది, కిందకు దూరింది, పడవ కిందకు పోబోయింది. రాయిస్ వంగి దవడ పట్టుకుని లోపలికి లాగాడు.

"తగిలిందా బావా?" అన్నాడు.

"లేదు. కనబడింది."

రాయిస్ చేపను నీళ్ళ పెట్టెలో వేసి మూత దించాడు. వర్జిల్ అప్పటికే దిబ్బ అవతలి అంచు వైపు చూస్తున్నాడు. ఎర పైన దారం చేప పళ్ళకు కాస్త గీసుకుపోయి ఉంటుంది. అతను దాన్ని పెదవుల దాకా తీసుకుపోయి, ఆగి, వెనక్కి తిరక్కుండానే ఆ కొసను రాయిస్ వైపు చాచాడు.

"తడిపి కట్టు," అన్నాడు. "వేడెక్కనివ్వకు."

"నువ్వు నాకు చెప్తున్నావా?" అంటూ రాయిస్ దారం కోసి, గాలం కన్నంలో నుంచి దూర్చి, ముడిని నోట్లో పెట్టుకున్నాడు. అతను బిగిస్తున్నంతసేపూ వర్జిల్ కాలి కింద మోటారు తిరుగుతూనే ఉంది. పడవ దిబ్బ అవతలి అంచు వైపు జరుగుతూనే ఉంది.

"కాస్త ఆపు బావా, కట్టనీ."

"నువ్వు కట్టు. వేరే పడవలవాళ్ళు అక్కడికి చేరేలోపు మనం వెళ్ళాలి."